మామ్మ బైబిలూ ఐదో ఎక్కమూ

కొత్త ఇంట్లోకి ముందుగా వెళ్ళాల్సింది బైబిలా, గ్యాస్ సిలిండరా అన్న విషయం మీద మా వాళ్ళు మూడు రోజులు వాదించుకున్నారు. మా తమ్ముడు ఆశీర్వాదం ఖరగ్‌పూర్‌లో పూరీ గేట్ దగ్గర రైల్వే క్వార్టర్ ఖాళీ చేసి అదే ఊళ్ళో ఖరిదాలో సొంతంగా రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు. గృహ ప్రతిష్ఠ ప్రార్థనకి రమ్మంటే విజయనగరంలో నేను తెలుగు చెప్పే కాలేజీకి నాలుగు రోజులు సెలవు పెట్టి వెళ్ళాను. దేవుని వాక్యం గడప దాటకుండా చెంచా కూడా దాటకూడదని వాడి పట్టు. "వాక్యం ఎల్లినాక వచ్చినోళ్ళు టీ అడుగుతారు గదా, అప్పుడేటి సేస్తాను? కీర్తన పాడమంటావా?" అని మా మరదలు రాణి. చిరునామా మార్పు కాగితాలు ఇంకా తేలకపోవడంతో సిలిండర్ వారం దాకా రాదని తెలిసి, ఆ యుద్ధం రాజీ లేకుండానే ముగిసింది. వెంటనే రెండోది మొదలైంది. పక్కింటి పొయ్యి అడిగి తెచ్చైనా సరే, కొత్త ఇంట్లో పాలు పొంగించాలని రాణికి ఆశ. అది మన సంఘంలో లేని ఆచారమని మా వాడు కన్నెర్ర చేశాడు. నాకు పాల మీద ప్రత్యేకమైన అభిప్రాయం ఏమీ లేదు. కానీ ఎదుటివాళ్ళు అంత గట్టిగా మాట్లాడుతుంటే ఊరుకోవడం నా ఒంటికి పడదు. "పాలు ఏ మతానివిరా? గేదెకి బాప్తిస్మం ఇప్పించినావా?" అన్నాను. "అప్పా, నువ్వొచ్చినావంటే ఇంట్లో శాంతి పోతాది" అన్నాడు వాడు. అది మాత్రం అబద్ధం కాదు.

శాంతి కోసమే కాబోలు, మంచం కింద ఉన్న ట్రంకు పెట్టె సర్దమని నన్ను లోపలి గదిలోకి పంపారు. అందులో తుప్పు పట్టిన తాళాలు, నాన్న రైల్వే వర్క్‌షాప్ బిళ్ళ, అమ్మ పెళ్ళి చీరలో మిగిలిన ముక్క, అన్నిటికీ అడుగున పాత గమ్చా తువ్వాలులో చుట్టిన మా మామ్మ బైబిలు. మామ్మ అంటే మా నాన్నకి తల్లి, సంతోషమ్మ. గుడ్డ విప్పీ విప్పగానే పొగాకు వాసన కొట్టింది. మామ్మ అడ్డపొగ తాగేది. వెలుగుతున్న కొసని నోటి లోపల పెట్టుకుని చుట్ట కాల్చే ఆ విద్యని శ్రీకాకుళం నుంచి తనతో తెచ్చుకుంది. అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, వీధి మలుపు తిరిగారని తెలిస్తే చుట్ట ఆర్పేసి బైబిలు వెనక దాచేది. "బైబిలెనకాల ఎట్టీమేటి మామ్మా, తప్పు గాదా?" అని అడిగితే, "అయ్యగారికి కనపడదు గదే. దేవుడికి ఎక్కడెట్టినా కనపడతాది, ఆయనతో పేచీ నేదు" అనేది. ఆ పుస్తకం తెరిచి చూస్తే ఆదికాండం మొదటి పుట అంచున పసుపు రంగు వేలిముద్రలు. మూడో వచనం పక్కన ఒకటి, ఆరో వచనం పక్కన ఒకటి, తొమ్మిదో వచనం పక్కన ఒకటి. పుట తిప్పితే అక్కడా అంతే. "ఈళ్ళు వాక్యం సదువుకున్నారా, పులుసు కలుపుకున్నారా?" అని గొణుక్కుని పక్కన పెట్టాను. అంత చదువుకున్నదాన్ని, ఆ ముద్రలేమిటో నాకు వెంటనే తట్టలేదు.

మా చిన్నప్పుడు ఇంట్లో గడియారం కంటే వర్క్‌షాప్ సైరన్ మీదే ఎక్కువ నమ్మకం. సాయంత్రం అది కూసిన కాసేపటికి నాన్న సైకిలు దిగేవాడు. యంత్రాల నూనె వాసన మీద ఎర్ర సబ్బు వాసన పట్టించి స్నానం ముగించేవాడు. ఆవనూనె, ఉల్లిపాయ కలిపిన ముఢీ ఒక గిన్నెడు, అంటే అవే మరమరాలు, టీతో తినేవాడు. దీపాలు పెట్టే వేళకి చాప పరిస్తే కుటుంబ ప్రార్థన. రోజుకో అధ్యాయం, ఏదీ దాటెయ్యకూడదు, చాప మీద కూర్చున్నవాళ్ళు వరసగా తలా ఒక వచనం చదవాలి. ఇదీ నాన్న చట్టం. ముందు నాన్న, తరవాత అమ్మ, నేను, తమ్ముడు, చివర మామ్మ. మామ్మ అయ్యాక మళ్ళీ నాన్న. ఎవరెవరికి ఎవరు పుట్టారో చెప్పే జాబితాలు వచ్చినా తప్పించుకునే దారి లేదు. ఇంటికి ఎవరొచ్చినా వాళ్ళకీ వంతు పడేది. ముఢీ అమ్మే బెంగాలీ దాదా ఒకసారి పొరపాటున ఆ వేళకి వచ్చి కూర్చుని, తన వంతు వచ్చినప్పుడల్లా "ఆమేన్" అని గండం గడుపుకున్నాడు.

ఆ వలయంలో అందరికంటే బాగా చదివేది మామ్మే. నాన్న వచనాన్ని బోల్టు బిగించినట్టు చదివేవాడు. అమ్మ గొంతు నేల వైపు ఉండేది. ఇరుగుపొరుగు ముందు ఆవిడ నోరు విప్పేదే ఆ వచనాల్లో, అదీ తన వంతు మేరకే. తమ్ముడు మధ్యలో దగ్గేవాడు. మామ్మ మాత్రం కళ్ళజోడు సవరించుకుని, పుస్తకాన్ని చేతిలో కాస్త దూరంగా పట్టుకుని, ఒక్కో పేరు మీద ఆగి, ఖరగ్‌పూర్ నుంచి పలాస దాకా స్టేషన్లు చెప్పినట్టు పితరుల పేర్లు గడగడా చదివేది. స్త్రీల సమాజంలో ఆవిడకి "బైబిలు మామ్మ" అని పేరు. ఎవరికి జబ్బు చేసినా, ఎవరింట్లో పురుడొచ్చినా ఆ పుస్తకం చంకన పెట్టుకుని వెళ్ళేది. ఒళ్ళో తెరిచి పెట్టుకుని ఒక కీర్తన వినిపించి వచ్చేది. తాతయ్య పోయాక ఆవిడకి లోకంలో ఉన్న ఉద్యోగం అదే, హోదా అదే.

మధ్యాహ్నం బడి నుంచి రాగానే నాకు ఇంకో పని ఉండేది. "ఒలే సువార్తా, ఇయాల ఏ అజ్జాయమే? ఒకపాలి సదివి ఇనిపించు. నా కళ్ళజోడు మసకేసింది" అనేది మామ్మ. నేను చదువుతుంటే కళ్ళు మూసుకుని వినేది. "ఐదోది మళ్ళా సదువు. బాగున్నాది." మళ్ళీ చదివేదాన్ని. "పదోది మళ్ళా సదువు." తరవాత పదిహేనోది, ఇరవయ్యోది. ఎడారిలో గుడారానికి ఎన్ని కొక్కేలు పెట్టాలో చెప్పే వచనంలో అంత బాగున్నది ఏమిటో నాకు అర్థమయ్యేది కాదు. పెద్దవాళ్ళ భక్తి అలాగే ఉంటుందనుకునేదాన్ని. చివర తప్పకుండా ఒక ప్రశ్న: "పార్దనకి ఇయాల ఎవులైనా వొస్తారేటే?" వస్తారంటే ఆ రోజు ఆవిడకి ఆరో వచనం, పన్నెండో వచనం నచ్చేవి. మామ్మకి అతిథులంటే ఎంత ప్రేమో అని అమ్మతో అంటే, అమ్మ పప్పులో కళ్ళు పెట్టుకుని "అవునమ్మా" అనేది.

నాకు పన్నెండేళ్ళప్పుడు పూజల రోజుల్లో గొడవ వచ్చింది. పక్క క్వార్టర్లో ఉండే కామేశ్వరి నా ప్రాణ స్నేహితురాలు. వాళ్ళ నాన్న రైల్వే ఆఫీసులో గుమస్తా, పూజా పునస్కారాలున్న ఇల్లు. ఇద్దరం కలిసి దుర్గాపూజ పందిరికి వెళ్ళి, మోదుగాకు దొన్నెలో వేడివేడి ఖిచుడీ భోగ్ ప్రసాదం తిని వచ్చాం. గుమ్మంలోనే మామ్మ నా చెయ్యి పట్టుకుని వాసన చూసింది. తన నోట్లో చుట్ట కంపుకి నా చేతి నెయ్యి వాసన ఎలా తెలిసిందో ఆవిడకే తెలియాలి. "ఇగ్రహాల ముందెట్టింది తినీసినావేటే గుంటా?" అని వీధంతా వినపడేలా అరిచింది. నేనేమన్నా తగ్గే రకమా? సండే స్కూల్లో పౌలు ఉత్తరాలు చదివి ఉన్నాను. తిన్నంత మాత్రాన పోయేదీ లేదు, తినకపోతే వచ్చేదీ లేదని అపొస్తలుడే రాశాడని వాదించాను. "పౌలేటి అన్నాడో నాకు తెలీదేటే? అలగని ఎక్కడా నేదు" అంది మామ్మ. నేను లోపలికి పరిగెత్తి బైబిలు తెచ్చి, ఆ పుట తెరిచి ఆవిడ ముఖం ముందు పెట్టాను. "ఇదిగో ఉన్నాది. సూడు. నువ్వే సదువు."

మామ్మ పుట వైపు చూసింది. చాలాసేపు చూసింది. "కళ్ళజోడు నేదు" అంది. కళ్ళజోడు ఆవిడ ముక్కు మీదే ఉంది.

నాకు లెక్కల్లో మంచి మార్కులే వచ్చేవి. ఐదుగురు కూర్చుంటే ఐదో వచనం, పదోది, పదిహేనోది. ఆరుగురైతే ఆరోది, పన్నెండోది. మామ్మకి ఎక్కాలు వచ్చు, అక్షరాలు రావు. ఆ క్షణంలో నాకు జాలి కలిగిందని రాస్తే బాగుంటుంది గాని, కలగలేదు. దొరికిందిలే అనిపించింది. పైగా ఆ సాయంత్రమే ఆవిడ నాన్నకి ఫిర్యాదు చేసి, బడి వాళ్ళు దీఘా సముద్రానికి తీసుకెళ్ళే యాత్రకి నన్ను పంపకుండా శిక్ష వేయించింది. క్లాసంతా సముద్రం చూసొచ్చి గవ్వలు పంచుతుంటే, నేను ఇంట్లో కూర్చుని ఐదో వచనం రెండుసార్లు చదువుతున్నాను. కడుపు మండదా?

కొద్ది వారాల్లో స్త్రీల ఆదివారం వచ్చింది. ఆ రోజు గుడిలో వాక్యపఠనం ఒక ఆడమనిషి చేస్తుంది. మామ్మ పేరు అనుకున్నారు. కానీ సమాజం కార్యదర్శి రాజరత్నం టీచరమ్మ ఏ పనీ పరీక్ష పెట్టకుండా ఎవరికీ అప్పగించే మనిషి కాదు. "శుక్రవారం మీ ఇంటికి ప్రార్థనకి వస్తాను, సంతోషమ్మ గారు చదివితే విని వెళ్తాను" అని కబురు పెట్టింది. ఆ సాయంత్రం తప్పితే పుల్పిట్ వేదిక ఎక్కే అవకాశం పోవడమే కాదు, బైబిలు మామ్మ అన్న పేరే పోతుంది. ఇన్నేళ్ళు రోగుల మంచాల పక్కన కూర్చుని చదివినదంతా నాటకమని ఊరు అనుకుంటుంది. ఇదంతా నాకు బాగా తెలుసు. తెలిసే చేశాను.

ఆ శుక్రవారం అధ్యాయం నెహెమ్యా గ్రంథంలో మూడోది. యెరూషలేము గోడ ఏ భాగాన్ని ఎవరు బాగుచేశారో ఊపిరాడకుండా పేర్లు చెప్పే అధ్యాయం. టీచరమ్మతో కలిపి ఆరుగురు. మధ్యాహ్నం మామ్మ ఆరో వచనం, పన్నెండో వచనం, పద్దెనిమిదోది, ఇరవై నాలుగోది, ముప్ఫయ్యోది నా చేత ఆరేసి సార్లు చదివించుకుంది. పన్నెండో వచనంలో ఒకాయన తన కూతుళ్ళతో కలిసి గోడ కట్టాడని ఉంటుంది. "ఆడపిల్లలు గోడ కట్టినారటే! మగోళ్ళ పేర్లన్నీ రాసి, ఆల పేర్లు మాత్రం రాయనేదు సూడు" అని మామ్మ మురిసిపోయింది, తరవాత కోప్పడింది. నేను ముఖం ముడుచుకుని చదివాను. దీపాలు పెట్టే వేళకి టీచరమ్మ వచ్చింది. నాన్న పక్కన అమ్మ, అమ్మ పక్కన టీచరమ్మ, నేను, తమ్ముడు, మామ్మ. పాట అయిపోయింది. నాన్న పుస్తకం తెరవబోతుంటే నేను లేచి, గోడ అవతల నుంచి కామేశ్వరిని లాక్కొచ్చి నా పక్కన కూర్చోబెట్టాను.

"ఇదీ సదువుతాది నాన్నా. బాగా సదువుతాది."

"కూకో అమ్మా, మంచిదే గదా" అన్నాడు నాన్న, పాపం.

ఏడుగురు. మామ్మ తలలు లెక్కపెట్టడం నేను చూశాను. ఆవిడ పెదవులు కదిలాయి. తరవాత నా వైపు చూసింది. తిట్టే చూపు కాదు అది, తిట్టినా బాగుండేది. పరీక్ష హాల్లో చదవని పాఠం వచ్చిన పిల్ల ఎలా చూస్తుందో అలా చూసింది. ఆ చూపు ముందు నా గెలుపు అప్పుడే చల్లారిపోయింది. కానీ వెనక్కి తీసుకోవడం ఎలా? కామేశ్వరిని లేచి వెళ్ళిపొమ్మని ఎలా అంటాను?

అంతలో అమ్మ లేచింది. "కూర అడుగంటుతున్నాది. మీరు కానీండి" అంది. పైట చెంగు నడుముకి చుట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆరుగురం మిగిలాం. నాన్న ఒకటి, టీచరమ్మ రెండు, నేను మూడు, కామేశ్వరి నాలుగు, తమ్ముడు ఐదు. మామ్మ కళ్ళజోడు సవరించుకుని, పుస్తకం కాస్త దూరంగా పట్టుకుని, ఆరో వచనం చదివింది. ఆ తరవాత కూతుళ్ళతో గోడ కట్టిన మనిషి వచనం వచ్చినప్పుడు గది మోగింది. కామేశ్వరి నోరు తెరిచి వింది. టీచరమ్మ తల ఊపింది. అధ్యాయం ముగిసేదాకా అమ్మ వంటింట్లోంచి రాలేదు.

ప్రార్థన కాగానే నేను లోపలికి వెళ్ళాను. మా ఇంట్లో శుక్రవారం ఉపవాసం. ప్రార్థన అయితే గాని కుంపటి రాజెయ్యరు. పొయ్యిలో పిల్లి లేవలేదంటారు చూడండి, అక్షరాలా మా ఇంటి పిల్లి ఆ చల్లటి బూడిదలో ముడుచుకుని నిద్రపోతోంది. అమ్మ గోడకి ఆనుకుని నిలబడి ఉంది. "టీచరమ్మకి నిమ్మకాయ నీళ్ళు ఇయ్యి" అంది. అంతే. ఆ తరవాత ఎన్నేళ్ళు బతికినా ఆ మాట ఎత్తలేదు. ఇంకో సంగతి కూడా ఇప్పుడు అనిపిస్తుంది. కుక్కర్ కూతకి కూడా వంక పెట్టే రాజరత్నం టీచరమ్మ, ఉపవాస దినాన ఈ కూరేమిటి, మాడు వాసన రాదేమిటి అని ఒక్క మాట అనలేదు.

మర్నాడు బడి నుంచి రాగానే మామ్మ ఎప్పటిలాగే అంది, "ఇయాల ఏ అజ్జాయమే?" నేను చదివాను. ఐదో వచనం దగ్గర ఆవిడ అడగకముందే రెండోసారి చదివాను. పదోది కూడా. మామ్మ కళ్ళు తెరవకుండానే, "తెలివైన గుంటవే. ఆ తెలివికి కాసింత బుద్ది అంటుకడితే బాగుణ్ణు" అంది. కొన్నాళ్ళకి ధైర్యం చేసి, "అచ్చరాలు నేర్పీనా మామ్మా?" అని అడిగాను. ఆవిడ చుట్ట నోట్లోంచి తీసి నన్ను ఎగాదిగా చూసింది. "ఇప్పుడు నేర్సుకుంటే, ఇన్నాళ్ళూ ఏటి సదివినావే ముసిలీ అని అడగరేటి?" అంది.  

స్త్రీల ఆదివారం నాడు మామ్మ జరీ అంచు తెల్ల చీర కట్టి పుల్పిట్ ఎక్కింది. గుణవతి అయిన భార్య గురించి సామెతల్లో ఉన్న భాగం. నేను ముందు బెంచీలో కూర్చుని పెదవులు కదుపుతున్నాను, ఎక్కడైనా ఆగితే అందిద్దామని. ఆగలేదు. గుడంతా కదలకుండా వింది. అయ్యగారు ఆవిడ వెనక కుర్చీలో ఉన్నారు; అక్కడి నుంచి తెరిచిన పుట స్పష్టంగా కనిపిస్తుంది. ఆ పుట సామెతల్లోది కాదు, యెహెజ్కేలులోది. తరవాత పుస్తకం ముయ్యడానికి వెళ్ళి నేనే చూశాను. కానీ ఆ రోజు గుడిలో అందరికంటే గట్టిగా "ఆమేన్" అన్నది అయ్యగారే.

ఇప్పుడు సంఘంలో మామ్మ లాంటివాళ్ళు ఎవరూ లేరు, అందరూ చదువుకున్నవాళ్ళే. జేబులో ఫోను, ఫోనులో ఆరు భాషల్లో బైబిలు. వాక్యం చెప్పమంటే "ఒక్క నిమిషం, నెట్ రావడం లేదు" అంటారు. మామ్మకి ఎప్పుడూ నెట్ పోలేదు. దేవుని వాక్యంలో ఐదోవంతు ఆవిడ కంఠతా పట్టింది. మిగతా నాలుగు వంతులు విన్నది. మేము చదివింది ఎంత, మా లోపల మిగిలింది ఎంత అని అప్పుడప్పుడు లెక్క వేసుకుంటే మా డిగ్రీలకి చిన్నతనంగా ఉంటుంది. అయినా పాతదంతా బంగారమని పాడే మనిషిని కాదు నేను. ఒక ఆడమనిషి పరువు కోసం అన్నేళ్ళు అంకెల మీద నడవాల్సి రావడం బంగారమేమీ కాదు.

ట్రంకు పెట్టె సర్దిన రోజు సాయంత్రం మా మేనకోడలు శారోను డ్యూటీ నుంచి వచ్చింది. విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌లో ఒక ఫ్యాక్టరీ ల్యాబులో పని చేస్తుంది. ఆదివారాలు గుడిలో చిన్నపిల్లల క్లాసు తనదే. ఆ పిల్లలకి తనంటే ప్రాణం, తనకి ఆ క్లాసంటే ప్రాణం. ఈ కాలపు పిల్లలందరిలో తన కూతురొక్కతే తెలుగు బైబిలు చదువుతుందని మా తమ్ముడు సంఘమంతా డప్పు వేశాడు. ఆ డప్పు విని పెద్దలు ఆ క్లాసు ఇచ్చారు.

"అత్తా, ఏక్ బార్ రేపటి కీర్తన సదివి వాయిస్ పంపవా? నీ గొంతులో బాగుంటాది" అంది. పొగడ్త అంటే నాకున్న బలహీనత ఇంట్లో అందరికీ తెలుసు. ఇరవై వచనాల కీర్తన, నాటకంలో రాజుగారిలా చదివి పంపాను. "ఠీక్ హై అత్తా, థ్యాంక్యూ" అని రెండడుగులు వేసి, వెనక్కి తిరిగింది. "రేపు పార్థనలో మొత్తం ఎంతమంది కూకుంటాం?"

నా చేతిలో గిన్నె ఉంది. కింద పెట్టాను. "మీ నాన్న, మీ అమ్మ, నేను, కామేశ్వరి అత్త, నువ్వు. ఐదుగురు" అన్నాను. కాసేపటికి చెవుల్లో తీగలు పెట్టుకుని బట్టలు మడతపెడుతూ తను పెదవులు కదుపుతోంది. దగ్గరికి వెళ్ళి విన్నాను. గుర్రాల బలం దేవుడికి పట్టదని చెప్పే పదో వచనం. తరవాత, ఆయన మాట మహా వేగంగా పరుగెడుతుందని చెప్పే పదిహేనో వచనం. మళ్ళీ పదోది. తెలుగు గలగలా మాట్లాడే పిల్ల. బెంగాలీ, హిందీ, ఇంగ్లీషు అక్షరాలు వచ్చిన పిల్ల. తెలుగు అక్షరం ఒక్కటి రాదు. ఫోనులో ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని చదువుదామంటే, ప్రార్థన వేళ ఫోన్లన్నీ చెప్పుల పక్కన బుట్టలో వెయ్యాలని వాళ్ళ నాన్న చట్టం. తండ్రికి తగ్గ కొడుకు.

తెలుగు చదవలేని తెలుగు పిల్లల మీద నేను రాసిన వ్యాసాలు అచ్చయ్యాయి. చప్పట్లు కూడా కొట్టించుకున్నాను. ఉపన్యాసం నాలుక చివరికి వచ్చేసింది. అది ఆగింది నా మంచితనం వల్ల కాదు. మామ్మ బైబిలు మంచం మీద తెరిచి ఉండడం వల్ల. మూడు, ఆరు, తొమ్మిది. నేనూ తమ్ముడూ పుట్టకముందు ఆ చాప మీద ముగ్గురే: నాన్న, అమ్మ, మామ్మ. అంటే నాకంటే ముందు మామ్మకి చదివి పెట్టింది అమ్మే. కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల, వంట మధ్యలో పసుపు చేత్తో వచ్చి, అత్తగారి వచనాలు మర్చిపోకుండా గుర్తు పెట్టుకుని, చదివి, మళ్ళీ వెళ్ళి పోపు వేసింది. అత్త మీద కోపం వచ్చిన రోజు ఆవిడకీ ఉండే ఉంటుంది, నాకు దీఘా పోయినట్టు ఆవిడకీ ఏదో పోయి ఉంటుంది. నోరు మాత్రం జారలేదు. పుట మీద మరకలు పడ్డాయి గాని మామ్మ పేరు మీద పడనివ్వలేదు. అమ్మ పోయి ఆరేళ్ళు. నేను ఆ ముద్రల మీద నా వేలు పెట్టి చూసుకున్నాను. నా వేలు కాస్త పెద్దది.

మర్నాడు ఉదయం బైబిలు ముందు, మేము వెనక, కొత్త ఇంట్లోకి వెళ్ళాం. చాప మీద తమ్ముడు, రాణి, నేను, నా పక్కన కామేశ్వరి, ఆ పక్కన శారోను. ఈనాటికీ పాత పొరుగన్న హక్కుతో కామేశ్వరి అన్నిటికీ వస్తుంది. మా వాళ్ళకంటే బాగా చదువుతుంది. ఇప్పుడున్న అయ్యగారు టోటో అనే బ్యాటరీ రిక్షా దిగి వచ్చారు; ఆయన ప్రార్థన చెయ్యడమే గాని వచనాల వంతులో కూర్చోరు. వెంట వాళ్ళ అక్కగారు, ఊరి నుంచి వచ్చిన పెద్దావిడ. "మా అప్పని కూడా వరసలో కూకోబెట్టండి, సదువుతాది" అన్నారు అయ్యగారు. ఆవిడ వచ్చి నాకూ కామేశ్వరికీ మధ్య సర్దుకుంది.

శారోను తలలు లెక్కపెట్టింది.  చెప్పుల దగ్గరున్న బుట్ట వైపు చూసింది, వాళ్ళ నాన్న వైపు చూసింది, తరవాత నా వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు.

పక్కన చేరి మెల్లిగా అందించవచ్చు, నిజమే; అందిస్తే అయ్యగారి ఎదుటే బయటపడుతుంది. గట్టిగా లేచి, అక్షరాలు రాకపోతే ఏం మునిగిందిరా అని వాదించనూ వచ్చు, గెలిచి తీరతాను కూడా. కానీ ఆ గెలుపు నాదవుతుంది, ఆ క్లాసు తనకి పోతుంది. తమ్ముడు కళ్ళజోడు పెట్టుకుని కీర్తన మొదటి మాట అందుకోబోతున్నాడు.

నేను లేచాను. "పాలు పొంగిపోతున్నట్టున్నాయి. మీరు కానీండి" అన్నాను.

తమ్ముడు కళ్ళజోడు మీంచి చూశాడు. "పాలేటప్పా? గ్యాసే నేదు గదా!"

"నువ్వు సదువురా" అన్నాను. నా గొంతులో ఏం వినిపించిందో గాని, వాడు చదివాడు.

కొత్త వంటింట్లో గట్టు తప్ప ఏమీ లేదు. పొయ్యి లేదు, గిన్నె లేదు, పడుకోవడానికి పిల్లి కూడా లేదు. సున్నం వాసన. గోడకి ఆనుకుని నిలబడ్డాను. నోరున్న నాటి నుంచి నా వంతు మాట నేను ఎవరికీ వదిలింది లేదు. వదిలితే ఇంత తేలిగ్గా ఉంటుందని ఎవరూ చెప్పలేదు. అక్కడి నుంచి అన్నీ వినపడుతున్నాయి. తమ్ముడు, రాణి, అయ్యగారి అక్క, కామేశ్వరి.  తరవాత శారోను ఐదో వచనం అందుకుంది, మాట మాట మీద నిలబడి, నా నాటకపు రాజుగారి గొంతుని కాస్త మంచిగా మార్చి. అమ్మ ఆ శుక్రవారం చల్లటి కుంపటి పక్కన నిలబడి ఇలాగే విని ఉంటుంది. పదో వచనం. పదిహేనో వచనం. ఇరవయ్యోది తన గొంతులోనే, స్తుతితో ముగిసింది. అందరూ ఆమేన్ అన్నారు.

"అప్పా!" ముందు గదిలోంచి తమ్ముడు అరిచాడు, వెటకారంగా. "పొంగినాయేటి పాలు?"

పైట చెంగుతో కళ్ళు తుడుచుకున్నాను.

"పొంగినాయిరా" అన్నాను.